ఉప్పగా ఉన్నాయి మావయ్యా

"ఉప్పగా ఉన్నాయి మావయ్యా" అన్నాడు మా అక్క కొడుకు. పదమూడేళ్ళవాడు. సీసా మూతి నుంచి నోరు తీసి, నాలుకతో పెదవులు తడుపుకుని నా మొహంలోకి చూశాడు. అది ఫిర్యాదు కాదు. తాగొచ్చా అని నన్ను అడగడం.

"కాస్త ఉప్పుంటే ఏం కాదు. క్రిములు ఒక్కటీ ఉండవు, తాగు" అన్నాను.

తాగాడు. నేను చెప్పాను కాబట్టి తాగాడు. ఆ మాట ఆ రోజు నుంచీ నన్ను వదల్లేదు. ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు. అక్కకి సగం చెప్పాను. అమ్మ చెప్పకుండానే గ్రహించింది. నాన్న అడగలేదు. ఇప్పుడు మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది ఉప్పాడ. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద వస్తుంటే కుడిచేతి వైపంతా సముద్రమే. ఊళ్ళోకి వస్తే వలలు, మగ్గాలు. నాన్న జాందానీ నేస్తాడు. గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పడుగులోకి పువ్వుని పోగు పోగుగా చేత్తో ఎక్కించే నేత. 2009లో ఆ నేతకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాన్న చేతికి అంతకు చాలా ముందే వచ్చింది. నేను మాత్రం మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. చదువుకున్నాను, హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నాను, ముప్పై అయిదు దాటాక కొండలెక్కడం మొదలుపెట్టాను.

కొండల్లో నీళ్ళే పెద్ద బరువు. లీటరు నీళ్ళంటే కిలో. నాలుగు లీటర్లు వీపున వేసుకుని ఎక్కేవాడికి ఆ నాలుగు కిలోలు ప్రతి మెట్టులోనూ తెలుస్తాయి. అందుకే చేత్తో పిండే ఫిల్టరు కొన్నాను. అరచేతిలో ఇమిడే గొట్టం, వంద గ్రాములు కూడా ఉండదు. దాంతోపాటు ఒక మెత్తటి సంచీ వస్తుంది. వాగులో సంచీ ముంచి నీళ్ళు పట్టుకుని, దాని మూతికి గొట్టం బిగించి, పాల ప్యాకెట్టు నొక్కినట్టు నొక్కుతుంటే అటు చివర నుంచి సన్నటి ధారగా నీళ్ళు పడతాయి. పది నిమిషాల పనికి రెండు లీటర్లు.

ఆ గొట్టం లోపల ఉన్నవి పోగులే. సేమ్యా పుల్లల్లాంటి తెల్లటి పోగులు, ఒత్తుగా కట్టకట్టినట్టు ఉంటాయి. ప్రతి పోగూ లోపల బోలు. మధ్యకి మడిచి, రెండు చివర్లనీ ఒక జిగురు బిళ్ళలో పోతపోస్తారు. పోగు గోడల నిండా మైక్రానులో పదో వంతు రంధ్రాలుంటాయి. మన వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్లు అనుకుంటే, అందులో ఏడొందలో వంతు. నీళ్ళు ఆ గోడల్లోంచి పోగు లోపలికి దూరి చివర నుంచి బయటికొస్తాయి, మురికి బయటే ఆగిపోతుంది. కలరా క్రిమి సన్నపాటి కొలత అర మైక్రాను ఉంటుంది కాబట్టి దూరలేదు. వాగుల్లో ఉండే జియార్డియా తిత్తులైతే ఎనిమిది నుంచి పన్నెండు మైక్రాన్లు, వాటికి అసలు దారే లేదు. మూత్రపిండాలు పాడైనవాళ్ళకి డయాలిసిస్ చేసే గొట్టంలో కూడా ఇలాంటి బోలు పోగులే ఉంటాయి. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు. తెలుసన్న ధీమాయే నన్ను ముంచింది. ఏం ఆపుతుందో చదివాను. ఏం ఆపలేదో చదవలేదు.

ఇంకొకటి కూడా చదవలేదు. డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కడానికి వెళ్ళాను. పన్నెండు వేల అడుగులు దాటిన శిఖరం. ఆ నెలలో రాత్రిపూట నీళ్ళు గడ్డకడతాయి. మొదటి రాత్రి మాతో వచ్చిన కుర్రాడు, ఆ కొండ ఊళ్ళవాడే, నా ఫిల్టరు చూసి, పడుకునేటప్పుడు దీన్ని స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించి పెట్టుకోండి సార్ అని హిందీలో చెప్పాడు. ఆ రాత్రి పెట్టుకున్నాను. రెండో రాత్రి అలసిపోయి బ్యాగు పక్క జేబులోనే వదిలేశాను. పొద్దున చూస్తే గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఎండలో పెట్టాను, కరిగింది. మళ్ళీ వాడాను. నీళ్ళు ఇదివరకటి కంటే జోరుగా వచ్చాయి. కరిగాక శుభ్రపడిందనుకుని సంతోషించాను.

నీరు మంచు అయితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆ పోగుల్లో ఒకసారి తడి పట్టాక ఎంత విదిలించినా కొంత నీరు మిగిలే ఉంటుంది. అది గడ్డకడితే పోగు చిట్లుతుంది. చిట్లిన సంగతి పైకి కనపడదు. గడ్డకట్టిందని అనుమానం వస్తే చాలు, పారేయండని ఫిల్టరుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని కొన్న రోజే పెట్టెతో పాటు పారేశాను.

నేను నేతవాడి కొడుకుని. పడుగులో ఒక్క పోగు తెగితే నాన్న మగ్గం ఆపేస్తాడు. ఎంత తొందర పని అయినా సరే, షావుకారు గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, తెగిన కొసలు రెండూ వెతికి, వేళ్ళ మధ్య నలిపి అతికాకే మళ్ళీ నాడె కదులుతుంది. అది చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

సంక్రాంతికి ఇంటికొచ్చాను. పిఠాపురం నుంచి అక్క, బావ, చిన్నోడు వచ్చారు. చిన్నోడికి నా బ్యాగు, డేరా, పొయ్యి, ఫిల్టరు అన్నీ అపురూపం. భోగి నాడు వాడి ముందు పెరట్లో ఉన్న కుండీలోని పాకుడు నీళ్ళు తీసి ఫిల్టరు చేసి తాగి చూపించాను. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళ కోసమే అనుకుంటాను, ముక్కనుమ నాడు ఇద్దరం సముద్రం ఒడ్డునే ఉత్తరంగా కోనపాపపేట మీదుగా పెరుమాళ్ళపురం వైపు నడుద్దాం, రెండు రాత్రులు సరుగుడు తోటల్లో డేరా వేసుకుందాం అన్నాను. అక్క వెంటనే ఒప్పుకోలేదు. "నువ్వున్నావు కదా అని పంపుతున్నా తమ్ముడూ" అంది ఆఖరికి.

బయల్దేరేటప్పుడు అమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు మూడు సీసాల నిండా పోసి గుమ్మంలో పెట్టింది.

"బరువెందుకమ్మా, ఇదుంటే ఎక్కడి నీళ్ళైనా తాగొచ్చు" అని ఫిల్టరు చూపించాను.

"ఒడ్డంట ఉప్పు నీళ్ళే కదరా. ఉప్పునేం చేస్తుందది?"

"అన్నిటినీ వడకడుతుందమ్మా."

ఆ మాట అన్న క్షణం నాకు గుర్తుంది. అమ్మ అడిగింది సరైన ప్రశ్న. జవాబు నాకు తెలీదు. తెలీదని నాకు నేను కూడా చెప్పుకోలేదు. నోటికొచ్చింది అనేశాను. మూడు సీసాల్లో ఒక్కటి మాత్రం తీసుకున్నాను, అమ్మ నొచ్చుకుంటుందని.

అమ్మ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. నా చిన్నప్పుడు మా పాత ఇంటి వెనక నుయ్యి ఉండేది. వీధి వీధంతా మంచినీళ్ళకి ఆ నూతికే వచ్చేది. నేను నాలుగో తరగతిలో ఉండగా నీళ్ళు కొద్దిగా చప్పబడ్డాయి, తర్వాత జిగటగా అయ్యాయి, ఒక ఎండాకాలం పూర్తిగా ఉప్పెక్కాయి. పప్పు ఉడికేది కాదు. సబ్బు నురగ వచ్చేది కాదు. అమ్మ గుడ్డ కట్టి వడకట్టింది. చిల్లగింజ అరగదీసి వేసింది, నీళ్ళు అద్దంలా తేరాయి కానీ ఉప్పు ఉప్పులాగే ఉంది. తర్వాత రెండేళ్ళు అమ్మ చంకలో బిందెతో ఊరికి పైనున్న కుళాయి దాకా నడిచింది. ఆపైన సముద్రం ఆ నూతినీ, ఆ ఇంటినీ కలిపేసుకుంది. ఉప్పాడలో అలా పోయినవి మా ఇల్లొక్కటే కాదు, వీధులకి వీధులు పోయాయి. రాళ్ళు వేశారు, ఇసక నింపిన జియోట్యూబులు పరిచారు, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో లెక్కలేదు. ఉప్పుని వడకట్టలేమని నాకు తొమ్మిదేళ్ళకే తెలుసు. కళ్ళారా చూశాను. చేతిలో ఒక కొత్త వస్తువు ఉందని ఆ తెలివిని పక్కన పెట్టేశాను.

మొదటి రోజు మధ్యాహ్నానికి అమ్మ ఇచ్చిన సీసా అయిపోయింది. కోనపాపపేట దాటాక ఒడ్డున ఒక చిన్న పేట. పాకలు, ఎండుచేపలు ఆరబోసిన వలలు, ఇసకలోకి లాగిన పడవలు. ఒకావిడ పాక ముందు కూర్చుని చేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి లేచి లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"ఎండలో ఎక్కడ నుంచి బాబూ? మంచినీళ్ళు తాగండి. టిన్ను నీళ్ళే" అంది.

చిన్నోడు చెయ్యి చాచాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపాను. గ్లాసు అంచు మీద చేప పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది. దాన్నే చూశాను.

"వద్దమ్మా, మా దగ్గర ఫిల్టరు ఉంది. ఆ నుయ్యి ఎవరిది?" అని సరుగుడు చెట్ల కింద కనపడుతున్న గట్టు చూపించాను.

"అది తాగే నుయ్యి కాదు బాబూ. కాళ్ళు కడుక్కోడానికీ, వలలు జాడించడానికీ. ఉప్పు."

"ఫరవాలేదమ్మా. ఇందులో వేస్తే శుభ్రమైపోతాయి."

ఆవిడ ఇంకేం అనలేదు. గ్లాసులో నీళ్ళు పారబొయ్యలేదు కూడా. జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆ నీళ్ళు ఆవిడ డబ్బిచ్చి కొనుక్కున్నవి. ఒడ్డంటి ఊళ్ళల్లో తాగడానికి రోజూ బండి మీద వచ్చే టిన్నులే. ఆ టిన్నులు నింపే ప్లాంటులో మర వేసే ఒత్తిడితో నీటిని ఒక పొరలోంచి నెడతారు. ఆ పొర ఉప్పుని కూడా ఆపుతుంది. నా చేతిలో ఉన్న గొట్టం ఎన్నటికీ చెయ్యలేని పని అది. ఉప్పు నీటిలో కరిగి అయాన్లుగా విడిపోతుంది. ఒక్కో అయాను నా ఫిల్టరు రంధ్రంలో వందో వంతు కూడా ఉండదు. సముద్రపు నీటి నుంచి ఉప్పుని విడదియ్యాలంటే పాతిక వాతావరణాలకు మించిన ఒత్తిడి కావాలి, కారు టైరులో గాలికి పది రెట్ల పైమాట. నేను పెట్టింది నా రెండు బొటనవేళ్ళ బలం.

నూతి గట్టు మీద తెగిన వల ముక్కలు, ఒక పాత చేద. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. సంచీ నింపాను, పిండాను. సంచీ పైనుంచి కారుతున్న చుక్కలు నా వేళ్ళ మీదుగా శుభ్రమైన సీసా మూతిలోకే దిగుతున్నాయి. అదీ పట్టించుకోలేదు. బయటికొచ్చిన నీళ్ళు స్ఫటికంలా ఉన్నాయి. చిన్నోడు సీసా ఎండకి ఎత్తి చూశాడు, తాగాడు, ఆ మాట అన్నాడు.

నాలుగు లీటర్లు నింపుకున్నాం. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, మధ్యాహ్నం అవే తాగాం, వాటితోనే వండుకున్నాం. తాగినకొద్దీ దాహం వేసింది. దాహం వేసినకొద్దీ వాడితో ఇంకా తాగించాను.

రెండో రాత్రి డేరాలో వాడు కడుపు పట్టుకుని లేచాడు. వాంతి. తర్వాత విరేచనం, మళ్ళీ వాంతి. పన్నెండింటికి మొదలై మూడింటికల్లా వాడి గొంతు మారిపోయింది. టార్చి వెలుగులో చూస్తే కళ్ళు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. "నీళ్ళు కావాలి మావయ్యా" అన్నాడు. నా దగ్గర ఉన్నవి ఆ నీళ్ళే. సీసా చేతిలో పట్టుకుని ఇవ్వలేక కూర్చున్నాను. నా బతుకులో అంత పొడుగు రాత్రి లేదు.

తెల్లవారుజామున చేపల ఆటో ఒకటి హార్బరు వైపు వెళ్తుంటే అడ్డం నిలబడ్డాను. ఖాళీ ట్రేలు జరిపి చిన్నోణ్ణి పడుకోబెట్టాడాయన. తల నా ఒళ్ళో. దారిలో ఏం తాగారని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"నీళ్ళు కావాలంటే ఒడ్డుకి దూరంగా, తాటిచెట్ల కింద చెలమ తీసుకోవాలండి. మోకాలి లోతు మించకూడదు. పైన తేలిన నీళ్ళే తోడుకోవాలి. ఆశపడి లోతుకి పోయామా, ఉప్పొచ్చేస్తాది. అవైనా కాచుకోవాలి లెండి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వాన నీళ్ళు ఇసకలోకి దిగి, బరువైన ఉప్పు నీటి మీద తేలుతూ ఒక పొరగా నిలుస్తాయి. మంచినీళ్ళ మట్టం సముద్ర మట్టం కంటే ఒక అడుగు పైనుంటే, అడుగున నలభై అడుగుల దాకా మంచినీళ్ళుంటాయని లెక్క. లీటరు సముద్రపు నీరు మంచినీటి కంటే పాతిక గ్రాములే బరువు, ఆ కాస్త తేడా మీద నిలబడ్డ పొర అది. పైన అడుగు తగ్గితే కింద నలభై అడుగులు ఉప్పు పైకొస్తుంది. సముద్రం జరిగొచ్చినా అంతే, మోటార్లు పెట్టి తోడినా అంతే. మా నుయ్యి ఎందుకు ఉప్పెక్కిందో నాకు నలభయ్యేళ్ళ దగ్గర్లో, ఒక చేపల ఆటోలో అర్థమైంది.

కాకినాడలో ఒక ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏ నీళ్ళు తాగాడని.

"ఫిల్టరు నీళ్ళేనండి" అన్నాను. అప్పటికీ అదే మాట అన్నాను.

ఏ ఫిల్టరని అడిగింది. చూపించాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది బాగున్నా వైరస్‌లని ఆపదండీ. ఉప్పునీ ఆపదు" అంది, మామూలుగా, నిష్ఠూరం లేకుండా. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరస్ మైక్రానులో నూటికి మూడు వంతులే ఉంటుంది. ఒక్కో పోగు గోడలోని రంధ్రం దానికి సింహద్వారమంత. జనం లేని కొండవాగులో ఆ భయం తక్కువ. ఊళ్ళకి, దొడ్లకి పక్కనున్న నూతిలో అది ఎక్కువ. నేను కొండ మీద పనిచేసినదాన్ని పేట పక్కకి తెచ్చి అదే పని చేస్తుందనుకున్నాను.

మధ్యాహ్నానికి వాంతులు తగ్గాక ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చారు. అక్క గ్లాసు పట్టుకుంది. చిన్నోడు ఒక గుక్క మింగి ఆగాడు.

"ఇవీ ఉప్పగానే ఉన్నాయి మావయ్యా" అన్నాడు.

మళ్ళీ నా మొహంలోకే చూశాడు. మళ్ళీ అదే అడగడం. అంత జరిగాక కూడా నన్నే అడిగాడు. తాగు అనడానికి నాకు నోరు రాలేదు. "తాగు నాన్నా, ఇది మందు" అని అక్క అంది. తాగాడు.

ఓఆర్‌ఎస్‌లో లీటరుకి రెండున్నర గ్రాముల పైన ఉప్పు ఉంటుంది, పదమూడున్నర గ్రాముల గ్లూకోజు ఉంటుంది. పేగులో గ్లూకోజు, ఉప్పు జోడీగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఆ ఉప్పు, చక్కెర నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి తాగించి వేలమందిని బతికించాడు. ఆ పాళ్ళు తెలిసిన చేతిలో ఉప్పు అలా పనిచేసింది. నేను మా పిల్లవాడికి పోసింది వేరు.

మూడో రోజుకి వాణ్ణి ఇంటికి తెచ్చాం. ఏ క్రిమి అన్నది తేలలేదు. నాకు మాత్రం తేల్చుకోవలసినది ఒకటి ఉంది. పోగులు చిట్లాయో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. పూర్తిగా తడిపిన గొట్టాన్ని నోటితో ఊదాలి. పోగు బాగుంటే అంత సన్నటి రంధ్రాల్లో నిలిచిన నీటిని మన ఊపిరి నెట్టలేదు, గాలి అటువైపు రాదు. పెరట్లో బిందె నిండా నీళ్ళు పోసి, గొట్టం కొస అందులో ముంచి ఊదాను. మొదట ఒక బుడగ. తర్వాత రెండు. తర్వాత వరసగా లేచి బిందె మూతి దాకా వచ్చి పగిలాయి. మళ్ళీ ఊదాను, అవే బుడగలు. మగ్గం దగ్గర నుంచి నాన్న ఎప్పుడు లేచొచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు.

"పోగు తెగింది" అన్నాడు.

రంపంతో గొట్టం కోశాను. పోగుల కట్ట బయటికొచ్చింది, తడిగా, తెల్లగా, పట్టుకంటే మెత్తగా. నాన్న దాన్ని అరచేతిలో పరిచి, ఒక పోగుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించాడు. "ఎన్నో కౌంటురా ఇది?" అని అడిగాడు. భూతద్దం తెప్పించుకుని వాకిట్లో వెలుగుకి కూర్చుని, తెగిన పోగు కోసం వెతికాడు. చీకట్లో కూడా వేలితో తడిమి తెగిన కొస పట్టుకోగల మనిషి. అరగంట వెతికాడు. "కంటికి ఆనడం లేదు" అని భూతద్దం పెట్టెలో పెట్టేసి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆ కట్ట పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

ఆ వారంలోనే నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు కొని ఆ నూతి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. కొత్త ఫిల్టరు ఒకటి తీసుకుని వెళ్ళాను, గడ్డకట్టనిది. రెండు గ్లాసులు పెట్టాను, ఒకటి నూతి నీళ్ళు, ఒకటి పిండినవి. రెండిటిలోనూ ఒకే అంకె. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దారి లేకపోతే 2000 దాకా ఓర్చుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. మీటరులో అంకె ఆ రెండో గీత కూడా దాటింది. ఫిల్టరు తన పని తాను చేసింది. తనది కాని పని దాని నెత్తిన పెట్టింది నేను.

ఇంకొక మాట చెప్పుకోవాలి. అమ్మ ఇప్పటికీ బిందె మూతికి పాత నూలు చీర మడతలు వేసి నీళ్ళు వడకడుతుంది, ఆ తర్వాతే కాస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని మానెయ్యమని చాలాసార్లు విసుక్కున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక నీళ్ళ గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు తెలిసింది. రీటా కోల్‌వెల్, అన్వర్ హక్ అనే శాస్త్రవేత్తలు బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతపు 65 ఊళ్ళలో ఆడవాళ్ళ చేత పాత చీరని నాలుగు మడతలకు పైగా వేసి చెరువు నీళ్ళు వడకట్టించారు. కలరా దాదాపు సగానికి తగ్గింది. 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. కలరా క్రిమి ఒంటరిగా చీరలోంచి సులువుగా జారిపోతుంది. కానీ అది నీటిలోని కంటికి కనపడీ కనపడని చిన్న జీవాలని పట్టుకుని బతుకుతుంది. ఇరవై మైక్రాన్ల సందు వాటిని ఆపుతుంది, వాటితోపాటు క్రిమీ ఆగుతుంది. అమ్మకి చెప్పాను. "పాత చీరే వాడాలని చెప్పారా?" అంది. చెప్పారన్నాను. "కొత్తదాంట్లో పోగు విడిగా ఉంటుంది. ఉతికినకొద్దీ నూలు పొంగి సందు మూసుకుంటుంది" అంది, నాన్న పంచె మడతపెడుతూ. వాళ్ళు సూక్ష్మదర్శిని కింద చూసింది కూడా అదే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చిన్నోణ్ణి తీసుకుని ఆ పేటకి వెళ్ళాను. ఆవిడ వలల దగ్గరే ఉంది. మమ్మల్ని పోల్చుకుంది. ఆటో ఆయన వాళ్ళ మరిదే, అంతా తెలుసు. "పిల్లోడు కోలుకున్నాడా బాబూ?" అని వాడి గడ్డం పట్టుకుని చూసింది. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. నిలబడ్డాక ఒక్క మాట వచ్చింది.

"మంచినీళ్ళు ఇస్తారా అమ్మా" అన్నాను.

లోపలికి రమ్మంది. మూల ముక్కాలిపీట మీద టిన్ను ఉంది. అదే స్టీలు గ్లాసు. చిన్నోడికి ముందు ఇచ్చింది. వాడు నా వైపు చూడకుండా ఎత్తి తాగేశాడు. తర్వాత నాకిచ్చింది. రెండో గ్లాసు కోసం టిన్ను వంచినప్పుడు చూశాను, అడుగున బెత్తెడు నీళ్ళు కూడా లేవు.

"చాలమ్మా, మీకుండాలి కదా" అన్నాను.

"తాగండి బాబూ, సాయంత్రం బండొస్తాది" అని గ్లాసు నిండా వంచింది.